కారు ముందరి అద్దముపై గీట్లు

కారు ముందరి అద్దముపై వైపరు తిరిగిన మేర వంపుగా గీట్లు పడియుండుట మీరు చూచియే యుందురు. పగటివేళ నవి స్వల్పముగా తోచును. రాత్రి ఎదురుబండి దీపము పడగానే ఆ వెలుతురు ప్రతి గీటుకడను చెదరి, అద్దమంతయు తెల్లబారినట్లగును. అప్పుడు దారిప్రక్క నడచు మనిషి గాని, అడ్డువచ్చు గేదె గాని తోలువానికి కానరాదు. కావున వీనిని పోగొట్టు విధమును గూర్చి నేడు చెప్పదలచితిని.

మెత్తని రబ్బరు గాజును గీయునా యని సందేహము గలుగవచ్చును. గీయునది రబ్బరు గాదు, దానిక్రింద చిక్కిన ఇసుక. 1812లో మోస్ అను జర్మను పండితు డేర్పరచిన కాఠిన్యక్రమమున, ఇసుకలో నుండు పలుగురాయిది 7వ స్థానము. గాజు ఇంచుమించు 5.5 కడ నిలుచును. కఠినమైనది మెత్తనిదానిని గీయుట ప్రకృతిధర్మము.

చికిత్సకు ముందు పరీక్ష యవసరము. అద్దమును కడిగి, ఆరిన పిదప గీతకడ్డముగా గోరు నడుపుడు. గోరు తగులుకొననిచో నది గీటు, తగులుకొనినచో గంటు. గీటు పోవును, గంటు పోదు.

గీటునకు మందు సీరియం ఆక్సైడు అను మెత్తని పొడి. కటకములకు మెరుగుపెట్టుటకును దీనినే వాడుదురు. పొడిని నీటితో మీగడవలె కలిపి, ఒత్తిన ఉన్నిబిళ్ళతో, నీడపట్టున, గీటుకంటె విశాలమైన మేర నెమ్మదిగా రుద్దవలెను. ముద్ద ఎండరాదు, ఒకేచోట రాపిడి హెచ్చి వేడెక్కినచో అద్దము పగులవచ్చును. నడుమ నడుమ నీరు చిలుకరించుచుండవలెను. ఇది ఓర్పుతో గూడిన పని. పండ్లు తోముకొను పేస్టు చాలునని కొందరందురు. అది మురికిని తీయును గాని గీటును తీయజాలదు.

గంటు పోవలెనన్న చుట్టునున్న గాజునంతయు దాని లోతువరకు అరగదీయవలెను. అచట పల్లమేర్పడి, కటకమువలె ఎదుటి వస్తువులను వంకరగా చూపును. అదియునుగాక ఈ అద్దము ఒంటిపలక గాదు. రెండు గాజుపలకల నడుమ పారదర్శకమగు పొర నుంచి, పగిలినను పెంకులు చెదరకుండ జేసిరి. ఈ విధానమునకు బెనెడిక్టస్ అను ఫ్రెంచి రసాయనజ్ఞుడు 1909లో పేటెంటు పొందెను. పైపలక మందము సుమారు 2 మిల్లీమీటర్లు మాత్రమే. దానిని అరగదీసిన బలము తగ్గును. కావున తోలువాని చూపునకెదురుగా గంటు పడినచో, ఖర్చునకు వెనుదీయక అద్దమును మార్పించుటయే మేలు.

అన్నిటికంటె సులభము గీటు పడకుండ చూచుకొనుట. దుమ్ముపట్టిన పొడి అద్దముపై వైపరు నడపరాదు, పొడిగుడ్డతో తుడువరాదు. అరిగిన రబ్బరును వెంటనే మార్పవలెను. లేనిచో లోని ఇనుపకమ్మి గాజును ఒరయును. మీ మనుమడు కారు తీయుచున్నపుడు, ముందుగా చెంబెడు నీళ్ళు అద్దముపై పోయుమని చెప్పుడు. పెద్దల మాటగా వినును.