ముక్కంటి కొలువులో మూడో కన్ను

* విరూపాక్షుని పేరులోనే ఉంది గుట్టు
* కనుబొమల నడుమ ఆజ్ఞాచక్రం.. యోగశాస్త్రం చెప్పేదేంటి?
* కళ్లకు గంతలు కట్టి చదివించే కోర్సులతో జాగ్రత్త

హంపి: పెద్దసారు కోప్పడినా, అత్తగారు గుడ్లురిమినా 'మూడో కన్ను తెరిచారు' అనేస్తాం. ఆ మాట వెనకున్న కథ ఎక్కడ జరిగిందో చూడాలంటే బళ్లారి సీమ వాసులు కాశీ దాకా పోనక్కర్లేదు. తుంగభద్ర ఒడ్డున, హంపిలోని హేమకూటం మీదే శివుడు మన్మథుణ్ని బూడిద చేశాడని ఇక్కడి స్థలపురాణం. ఆ మూడో కంటి పేరు చెప్పి 'మీ పిల్లలకు తెరిపిస్తాం' అంటూ ఫీజులు వసూలు చేసినవారు ఉన్నారు. ఇంతకీ యోగులు చెప్పిన మూడో కన్ను ఏమిటి? డబ్బు కడితే తెరుచుకునేదేనా?

పేరులోనే మూడు కళ్లు

'విరూపాక్ష' అంటే మామూలుకు భిన్నమైన కళ్లున్నవాడు. తెలుగువాళ్లు ముక్కంటి అన్నా, కన్నడిగులు ముక్కణ్ణ అన్నా ఆయనే. హంపిలో ఉగ్రనరసింహ విగ్రహం పక్కనే బడవలింగం ఉంది. దాదాపు 3 మీటర్ల ఎత్తున, ఏకశిలలో చెక్కిన ఈ లింగం ఎప్పుడూ నీళ్లలోనే ఉంటుంది. దాని మీద మూడు కళ్ల గుర్తులు కనిపిస్తాయి. విజయనగర రాజులు తమ శాసనాల చివర పెట్టిన సంతకం కూడా 'శ్రీ విరూపాక్ష' అనే.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు వెళ్లాయి. మిగిలినవి మైసూరు రాష్ట్రంలో కలిశాయి. 2021లో జిల్లాను మళ్లీ విడగొట్టడంతో హంపి విజయనగర జిల్లాలోకి వెళ్లింది. గీతలు ఎన్ని మారినా విరూపాక్షుడు మాత్రం రెండు వైపులవాళ్లకూ ఇంటి దేవుడే.

మన్మథుడు బూడిదైన చోట

విరూపాక్షాలయ రంగమంటపం 1510 నాటిది. శ్రీకృష్ణదేవరాయల పట్టాభిషేకానికి గుర్తుగా కట్టించారు. తలెత్తి పైకప్పు చూస్తే రంగుల చిత్రాలు. వాటిలో ఒకదాంట్లో తపస్సులో ఉన్న శివుడి మీదికి మన్మథుడు బాణం ఎక్కుపెట్టి ఉంటాడు. ఆ పక్కనే గిరిజా కల్యాణమూ ఉంది.

కథ తెలిసిందే. పంపాదేవి శివుణ్ని భర్తగా కోరి తపస్సు చేసింది. శివుడేమో ధ్యానం వదల్లేదు. దేవతలు మన్మథుణ్ని పంపారు. బాణం తగిలింది, నుదుటి కన్ను తెరుచుకుంది, మన్మథుడు భస్మమయ్యాడు. పంప మాత్రం పట్టు విడవలేదు. చివరికి ఆమె తపస్సుకే శివుడు మెచ్చాడు. పెళ్లికి ఒప్పుకున్నప్పుడు ఆకాశం నుంచి బంగారం కురిసిందట. అందుకే ఈ గుట్ట హేమకూటమైంది. రతీదేవి ఏడుపు చూసి శివుడు మన్మథుడికి ప్రాణం పోశాడు గానీ, శరీరం ఇవ్వలేదు. గుడికి ఉత్తరాన ఉన్న కోనేరును ఇప్పటికీ మన్మథ గుండమనే పిలుస్తారు.

ఏటా మార్గశిరంలో ఫలపూజ పేరుతో దేవుడికి నిశ్చితార్థం, చైత్రంలో కల్యాణం, జోడు రథోత్సవం జరుగుతాయి. అంటే మూడో కన్ను తెరిచిన దేవుడు సంసారం వదిలి పోలేదు, పెళ్లి చేసుకున్నాడు. మన్మథుడూ పూర్తిగా పోలేదు. కాకపోతే తపస్సు చెడగొట్టే పెత్తనం పోయింది. యోగశాస్త్రం చెప్పే ఆజ్ఞాచక్రాన్ని అర్థం చేసుకోవడానికి ఈ కథే మంచి దారి.

రెండు రేకుల తామర

హఠయోగ, తంత్ర గ్రంథాల ప్రకారం వెన్ను పొడవునా ఆరు చక్రాలున్నాయి. ఒక్కోదాన్ని ఒక్కో తామరగా భావిస్తారు. మూలాధారానికి 4 రేకులు, స్వాధిష్ఠానానికి 6, మణిపూరానికి 10, అనాహతానికి 12, విశుద్ధానికి 16. ఆరోదైన ఆజ్ఞకు మాత్రం రెండే. మొత్తం కూడితే 50. రేకుకొకటి చొప్పున సంస్కృత వర్ణమాలలోని 50 అక్షరాలనూ వీటిలో ఉంచారు. ఆజ్ఞాచక్రంలో ఉండేవి 'హ', 'క్ష'. దీని స్థానం కనుబొమల నడుమ, సరిగ్గా మనం బొట్టు పెట్టుకునే చోట. ఎడమన ఇడ, కుడిన పింగళ, మధ్యలో సుషుమ్న నాడులు ఇక్కడే కలుస్తాయంటారు.

ఈ వివరాలన్నీ ఉన్న 'షట్చక్రనిరూపణం' 16వ శతాబ్దంలో బెంగాల్‌కు చెందిన పూర్ణానంద యతి రాసింది. కలకత్తా హైకోర్టు జడ్జి జాన్ వుడ్రాఫ్ 1919లో దాన్ని ఇంగ్లిషులోకి తెచ్చాకే చక్రాల మాట ప్రపంచమంతా పాకింది. శంకరాచార్యుల పేరున ఉన్న 'సౌందర్యలహరి'లోనూ ఆజ్ఞాచక్ర ప్రస్తావన ఉంది. దానికి ప్రసిద్ధ వ్యాఖ్య రాసిన లక్ష్మీధరుడు గజపతి ప్రతాపరుద్రుని ఆస్థాన పండితుడు.

గమనించాల్సింది పేరు. ఆజ్ఞ అంటే ఉత్తరువు. గురువు మాట శిష్యుడికి అందే చోటు ఇదేనని సంప్రదాయం. కింది చక్రాల్లోని ఆకలి, కామం, భయం, మాట.. అన్నీ ఇక్కడి ఆజ్ఞకు లోబడాలి. గోడ అవతల ఏముందో చూడటం దీని ప్రయోజనమని చెప్పలేదు. సిద్ధులు దారిలో ఎదురైనా వాటి దగ్గర ఆగిపోవద్దని పతంజలి యోగసూత్రాలే హెచ్చరించాయి.

కక్కయ్య కత్తి

రాయలసీమ పల్లెల్లో బ్రహ్మంగారి నాటకం చూసినవాళ్లకు కక్కయ్య కథ కొత్త కాదు. పోతులూరి వీరబ్రహ్మంగారు శిష్యుడు సిద్దయ్యకు ఒంట్లోని చక్రాల గురించీ, వాటిలో కొలువున్న దేవతల గురించీ చెబుతుంటే కక్కయ్య చాటుగా విన్నాడు. నిజమో కాదో చూద్దామని ఇంటికెళ్లి భార్యను కత్తితో కోశాడు. రక్తమాంసాలు తప్ప ఏ దేవతా కనబడలేదు. లబోదిబోమంటూ స్వామి దగ్గరికి పరుగెత్తాడు. స్వామి ఆమెను బతికించారని కథ.

జరిగిందా లేదా అన్నది పక్కన పెడితే, సామాన్యుడికి కథ చెప్పే నీతి సూటిగానే ఉంది. చక్రాలు కోస్తే దొరికేవి కావు, ధ్యానంలో మనసు నిలపడానికి పెద్దలు వేసుకున్న పటం. ఆ తొందర్లో నష్టపోయేది మాత్రం ఏ పాపం ఎరుగని ఇంట్లోవాళ్లే.

పీనియల్ గ్రంథి సంగతేంటి?

మూడో కన్నంటే మెదడులోని పీనియల్ గ్రంథే అని చాలామంది చెబుతారు. ఈ ముడి పాత యోగ గ్రంథాల్లో లేదు. దివ్యజ్ఞాన సమాజం స్థాపకుల్లో ఒకరైన బ్లావట్‌స్కీ 1888లో రాసిన 'సీక్రెట్ డాక్ట్రిన్'తో ఇది ప్రచారంలోకొచ్చింది. కొన్ని రకాల బల్లులకు నడినెత్తిన వెలుగును పసిగట్టే చిన్న కన్ను ఉన్నమాట నిజమే. మనిషిలో మాత్రం బఠాణీ గింజ కన్నా చిన్నదైన ఈ గ్రంథి చీకటిపడ్డాక మెలటోనిన్ అనే హార్మోను విడుదల చేస్తుంది. నిద్ర వేళలను చక్కదిద్దేది అదే. దాంతో ఏదీ చూడలేం.

గంతల కోర్సులు

2010 తర్వాత దక్షిణాది పట్టణాల్లో 'మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్' శిబిరాలు జోరుగా సాగాయి. మూడో కన్ను తెరుస్తామనీ, పిల్లలు కళ్లకు గంతలు కట్టుకుని పుస్తకాలు చదివేస్తారనీ ప్రచారం. తల్లిదండ్రులు వేలకు వేలు కట్టారు. మంగళూరుకు చెందిన హేతువాది నరేంద్ర నాయక్ వంటివారు దీన్ని బహిరంగంగా సవాలు చేశారు. గుట్టు పెద్దదేం కాదు. గంత ఎంత బిగించినా ముక్కు పక్కన సందు మిగులుతుంది. పిల్లలు అందులోంచి కిందికి చూస్తారు. ఆ సందు మూసేస్తే చదువు ఆగిపోతుంది.

డబ్బు పోవడం ఒక ఎత్తు. చూసి చదువుతూ చూడలేదని చెప్పడం పసివాడికి అలవాటు కావడం మరో ఎత్తు. మనసును ఆజ్ఞలో పెట్టుకోవడం నేర్పే చక్రం పేరు చెప్పి పిల్లలకు అబద్ధం నేర్పడం కన్నా విడ్డూరం ఉంటుందా?

మరో జాగ్రత్త. హఠయోగంలో త్రాటకం అనే సాధన ఉంది. ఒక చిన్న గుర్తు మీద కన్నార్పకుండా చూపు నిలపడం. తెలిసినవారి దగ్గరే నేర్చుకోవాలి. త్రాటకమంటూ నేరుగా సూర్యుణ్ని చూస్తే మాత్రం రెటీనా దెబ్బతింటుంది. మూడో కన్ను సంగతి దేవుడెరుగు, ఉన్న రెండింటికే ముప్పు.

తలకిందుల గోపురం

విరూపాక్షాలయంలో గర్భగుడి వెనుక ఒక చీకటి గది ఉంది. గోడలోని చిన్న రంధ్రం గుండా వెలుగొచ్చి, దాదాపు 50 మీటర్ల ఎత్తున్న తూర్పు రాజగోపురం నీడ అవతలి గోడ మీద తలకిందులుగా పడుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు మాయ అనుకుంటారు. మాయ కాదు. వెలుగు తిన్నగా ప్రయాణిస్తుంది కాబట్టి పైనుంచి వచ్చే కిరణం కిందికి, కిందనుంచి వచ్చేది పైకి చేరుతుంది. గోపురం నిజం, వెలుగూ నిజం. బొమ్మ మాత్రం తిరగబడింది. పక్కన తెలిసినవారు ఉండి విషయం చెబితేనే అది అర్థమవుతుంది. నుదుటి కంటికి 'ఆజ్ఞ' అని పేరు పెట్టి గురువును ముందు నిలిపిన పెద్దలకు ఈ సంగతి బాగా తెలుసు.

ఎలా వెళ్లాలి?

బళ్లారి నుంచి హొసపేటకు దాదాపు 65 కిలోమీటర్లు. గుంతకల్లు - హుబ్బళ్లి రైలు మార్గంలో హొసపేట స్టేషన్‌లో దిగాలి. అక్కడి నుంచి హంపి 13 కిలోమీటర్లు. చైత్రమాస రథోత్సవానికి రద్దీ ఎక్కువ. పైకప్పు చిత్రాలు, తలకిందుల గోపురం తీరిగ్గా చూడాలంటే జాతర లేని రోజుల్లో వెళ్లడం మేలు.