చిల్లర డబ్బా చెప్పిన పాఠం

ప్రతి ఇంట్లోనూ ఒక చిల్లర డబ్బా ఉంటుంది. విశాఖ గాజువాకలోని మా ఇంట్లోనూ ఉంది. మొన్నొక సాయంకాలం దానిని చాప మీద బోర్లించి పిల్లలతో కలసి ఏరడానికి కూర్చున్నాను. నాణేలు సేకరించడం నాకు పాత అలవాటు.

"సంవత్సరం అంకె కింద చూడండి" అన్నాను. నక్షత్రం ఉంటే హైదరాబాదు టంకశాలది. డైమండు గుర్తుంటే ముంబయిది, గుండ్రని చుక్క ఉంటే నోయిడాది, ఏ గుర్తూ లేకపోతే కలకత్తాది. తరువాత అయస్కాంతం తెచ్చాం. 1995 నాటి స్టీలు రూపాయి అంటుకుంది. రాగి, నికెలు కలిపి చేసిన 1985 నాటి రూపాయి అంటుకోలేదు. పిల్లలకు ఎంత ఆశ్చర్యమో!

అడుగున పావలాలు దొరికాయి. 2011 జూన్ 30 నుండి అవి చెల్లవు. అయినా జ్ఞాపకంగా దాచుకోవచ్చు. చింతపండుతో మాత్రం తోమకండి, సేకరించేవారి దగ్గర విలువ తగ్గిపోతుంది.

"పదిరూపాయల బిళ్ళలు కూడా చెల్లవు గదా నాన్నా! కొట్లో తీసుకోలేదు" అన్నాడు మా అబ్బాయి.

అది వట్టి పుకారు. అప్పటికి వచ్చిన 14 రకాల పదిరూపాయల నాణేలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే ప్రకటించింది. రూపాయి గుర్తు ఉన్నా లేకున్నా చెల్లుతుంది. బొమ్మ మారినంత మాత్రాన నాణెం దొంగది కాదు.

ఈ పుకారుకు నష్టపోయేదెవరు? పగలంతా ఎండలో కూరలమ్మి, ఆ నాణేలతోనే సాయంత్రం బియ్యం కొనవలసిన తల్లి. ఆమె చేతి నాణేన్ని కాదనే ముందు ఒక్కసారి ఆలోచించండి. మీ డబ్బాలోని చెల్లే చిల్లరను కూడా బయటికి తీసి వాడండి.