సందడి లేని దినములలో సముద్రతీర యాత్ర

ఉస్మాన్‌గంజ్‌లో టోకు దుకాణములు నడుపు కుటుంబములకు ప్రయాణము పెట్టుకొనుట అంత సులభమైన పని కాదు. దీపావళికి ముందు బేరము విడిచి కదలరాదు. మార్చి నెలాఖరులో సంవత్సరపు లెక్కలు ముగింపవలెను. వేసవి సెలవులలో పిల్లలకు తీరిక దొరకును గాని రైలులో చోటు దొరకదు. సంక్రాంతినాటి సంగతి చెప్పనే అక్కరలేదు. ఈ విధముగ ఏటికేడు వాయిదా పడి, జీవితమంతయు గోదాముల నడుమ గడిపి, ఒక్కమారైనను సముద్రమును చూడని పెద్దలు మన నగరమున ఎందరో కలరు. అట్టివారిని వెంటబెట్టుకొని, జనసమ్మర్దము లేని దినములలో తీరమునకు పోయి రావలెనన్న ఏ నెల మంచిది, ఏ మార్గమున పోవలెను, ఏ బండ్లను నమ్మవచ్చును అను విషయములను ఇందు వివరింపదలచితిమి.

ఇట్టి యాత్రలు ఐరోపాలో పరిపాటి. ‘ఆఫ్ సీజన్’ యాత్రలని వానికి పేరు. గ్రీసు, క్రొయేషియా దేశముల తీరమున ద్వీపములు అనేకములు. వేసవిలో యాత్రికుల కొరకు పడవలు పెక్కు నడచును. నవంబరు మొదలు మార్చి వరకు వానిలో చాలభాగము నిలిచిపోవును; హోటళ్లు పలుచోట్ల మూసివేయుదురు; మిగిలిన పడవలు కూడ పెనుగాలి వీచిన నాడు బయలుదేరవు. బస చౌక, జనము తక్కువ, అది నిజమే. కాని పడవ ఒకటి తప్పినచో మరియొకటి ఆనాడు దొరకకపోవచ్చును. అందుచేత ప్రయాణపు కష్టసుఖము లెరిగినవారు రెండు జాగ్రత్తలు పాటింతురు. మొదటిది, యాత్రికుల కొరకు మాత్రమే నడచు పడవను గాక, ద్వీపవాసులు అంగడికి, ఆసుపత్రికి, పాఠశాలకు పోవుటకు ఏడాది పొడుగునా ఎక్కు పడవను నమ్ముకొందురు. రెండవది, తిరుగు ప్రయాణపు దినమునకు ఒకనాడు ముందుగనే పెద్ద పట్టణము చేరుకొందురు.

ఐరోపాకు పోవుటకు వీసా కావలెను. ప్రయాణమునకు 15 దినములైనను ముందుగ దరఖాస్తు పెట్టవలెను. కనీసము 30,000 యూరోల వైద్య బీమా చూపవలెను. విమానపు ఖర్చు సరేసరి. ఇది అందరికి అందునది కాదు. అయితే ఐరోపావారే పడవలెక్కి వచ్చి, వర్తకశాలలు కట్టుకొని, తరతరములుగ నివసించిన రేవులు మన తెలుగు తీరముననే వరుసగ నున్నవి. పైని చెప్పిన రెండు సూత్రములతో ఆ రేవులను ఒక వారమున చూచి రావచ్చును.

మొదట కాలనిర్ణయము. జనుల రాకపోకలు తగ్గుటకు రెండు కారణములుండును. ఒకటి సముద్రము అనుకూలింపకపోవుట. రెండవది జనులకు తీరిక లేకపోవుట. ఐరోపా తీరమున శీతకాలము మొదటి జాతిది. మన తీరమున అక్టోబరు నుండి డిసెంబరు వరకు అట్టిదే. 1864 నవంబరులో మచిలీపట్నమును ముంచిన ఉప్పెన వేల ప్రాణములను గొన్నది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన, 2014 అక్టోబరు 12న విశాఖపట్నమును తాకిన హుద్‌హుద్, 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురము చెంత తీరము దాటిన మొంథా, ఇవన్నియు ఆ నెలలలోనివే. తెరచాపల కాలమున ఓడలవారు కూడ ఈశాన్య ఋతుపవనము ప్రారంభము కాగానే ఈ తీరమును విడిచిపోవుచుండిరి. కావున ఆ నెలలలో బస చౌకగ దొరికినను వృద్ధులతో పోవుట తగదు. జూలై నుండి సెప్టెంబరు వరకు గోదావరి వరదల కాలము. ఏప్రిల్, మే నెలలలో ఎండ, ఉక్క. మే నెలలో తుఫానులు కూడ రావచ్చును.

మిగిలినది ఫిబ్రవరి మధ్య నుండి మార్చి మధ్య వరకు గల కాలము. అవి పరీక్షల దినములు. పిల్లలు గల ఇండ్లవారు కదలరు గనుక రైళ్లలోను బసలలోను చోటు దొరకుట తేలిక. సముద్రమా, సామాన్యముగ శాంతముగ నుండును. ఎండ ఇంకను ముదరదు. అనగా మన తీరమున జనులకు తీరిక లేని కాలము, సముద్రమునకు మంచి కాలము ఒక్కటే. ఐరోపాలో దొరకని సౌకర్యమిది. వర్తకులకు కూడ మార్చి లెక్కలకు ముందు వారము దినములు చిక్కును. శివరాత్రినాడు మాత్రము నదీతీరములలో జనము హెచ్చుగ నుందురు. ఆ తేదీని పంచాంగమున చూచి ముందో వెనుకనో బయలుదేరవలెను.

ఇక మార్గము. మచిలీపట్నమునకును మన నగరమునకును సంబంధము నాలుగు శతాబ్దముల నాటిది. గోలకొండ రాజ్యమునకు ప్రధానమైన రేవు అదియే. 17వ శతాబ్దపు తొలి సంవత్సరములలో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు, తరువాత ఫ్రెంచివారు అచ్చట వర్తకశాలలు పెట్టిరి. గోలకొండ నుండి ఆ రేవునకు పోవు బాటను ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే తన యాత్రాగ్రంథమున వర్ణించినాడు. 1759లో ఇంగ్లీషువారు ఆ కోటను ఫ్రెంచివారి నుండి గైకొనిరి. 1766లో నిజాము అలీఖాన్ ఉత్తర సర్కారులను సంధి వలన వారికి విడిచెను. నాటితో హైదరాబాదు రాజ్యమునకు ఈ సముద్రము దూరమయ్యెను. కనుక మన యాత్రను మచిలీపట్నముతోనే ప్రారంభించుట ఉచితము.

బీదరు నుండి వచ్చు మచిలీపట్నం ఎక్స్‌ప్రెసులో రాత్రి ఎక్కినచో ఉదయమునకు బందరు చేరవచ్చును. సికింద్రాబాదు స్టేషను పునర్నిర్మాణము చేపట్టిన తరువాత కొన్ని రైళ్లను ఇతర స్టేషన్లకు మార్చినారు. కావున ఎక్కవలసిన స్టేషను ఏదో టికెట్టు మీద తప్పక చూచుకొనవలెను. రైలులో చోటు కుదరనివారికి ఇమ్లీబన్ బస్ స్టేషను నుండి బస్సులు కలవు. మొదటి దినము బందరులో విశ్రాంతి. ఇంగ్లీషుపాలెము, వలందపాలెము, పరాసుపేట అను పేటల పేర్లే ఆ ఊరి చరిత్రను చెప్పును. వలందులనగా డచ్చివారు, పరాసులనగా ఫ్రెంచివారు. డచ్చివారి సమాధులు, పాత కోట శిథిలములు చూచి, సాయంకాలము మంగినపూడి తీరమునకు పోవచ్చును.

రెండవ దినము నరసాపురము. 216వ జాతీయ రహదారి తీరము వెంబడి పోవును. నేరుగ బస్సు దొరకనిచో భీమవరము మీదుగ పోవలెను. గుడివాడలో రైలు మారి కూడ పోవచ్చును. నరసాపురము చెంత మాధవాయపాలెమున ఇంగ్లీషువారికి వర్తకశాల యుండెడిది. ఆ ఊరి పేరుననే ఒక నూలు వస్త్రమునకు ఐరోపాలో ‘మదపొల్లం’ అను పేరు వచ్చినది. మన గుడ్డల పేరు అంత దూరము పోయినదని గుడ్డల వర్తకులకు చెప్పినచో సంతసింతురు.

మూడవ దినము మాధవాయపాలెపు రేవులో పంటు మీద వశిష్ఠ గోదావరిని దాటి సఖినేటిపల్లి చేరవలెను. మనుష్యులను, బండ్లను కూడ అది దాటించును. ఇది యాత్రికుల పడవ కాదు. కోనసీమవారు నిత్యము పనులకు ఎక్కునది. అందుచేతనే జనము తక్కువైన నెలలలో కూడ నడచును. వరద వచ్చినప్పుడు మాత్రము ఆగును. అట్టి నాడు చించినాడ వంతెన మీదుగ చుట్టు తిరిగి పోవలెను. ఆవలి గట్టున అంతర్వేది కలదు. లక్ష్మీనరసింహస్వామిని దర్శించి, గోదావరి సముద్రమున కలియు తావును చూచి, రాజోలు మీదుగ రాత్రికి అమలాపురము చేరవచ్చును. భీష్మైకాదశి నాటి రథోత్సవమునకు అచ్చటికి మిక్కిలి జనము వత్తురు. ఆ తేదీ మన యాత్రలో పడకుండ చూచుకొనవలెను.

నాల్గవ దినము ఎదుర్లంక వద్ద గౌతమిని బాలయోగి వంతెన మీదుగ దాటి యానాము పోవలెను. 1723లో ఫ్రెంచివారు ఇచ్చట స్థిరపడిరి. 1954లో వారి పాలన ముగిసినది; 1962లో విలీనము చట్టరీత్యా పూర్తియైనది. ఊరు తెలుగువారిదే యైనను పాలన పుదుచ్చేరిది. అచ్చటి నుండి కాకినాడ సుమారు 30 కిలోమీటర్లు. కాకినాడలోని జగన్నాథపురము ఒకప్పుడు డచ్చివారి స్థావరము. ఐదవ దినమును ఏ కార్యక్రమమును పెట్టుకొనక కాకినాడలో ఖాళీగ నుంచవలెను. దారిలో బస్సు తప్పినను, పెద్దలకు ఒంట్లో నలతయైనను ఆ దినము ఆదుకొనును. ఏమియు జరుగకున్నచో కోరింగ మడ అడవులను చూడవచ్చును.

ఆరవ దినము సామర్లకోట జంక్షనులో రైలెక్కి విశాఖపట్నము. ఏడవ దినము ఉదయము సిటీ బస్సులో తీరపు బాట వెంబడి సుమారు 30 కిలోమీటర్ల దూరమున గల భీమునిపట్నము. గోస్తనీ నది సముద్రమున కలియు ఆ ఊరు 1825 వరకు డచ్చివారిది. మధ్యాహ్నమునకే విశాఖ తిరిగివచ్చి, సాయంకాలము గోదావరి ఎక్స్‌ప్రెసు ఎక్కినచో మరునాటి ఉదయము నాంపల్లిలో దిగవచ్చును. నాంపల్లి నుండి ఉస్మాన్‌గంజ్ ఎంతో దూరము లేదు. దుకాణము తెరచు వేళకు ఇల్లు చేరవచ్చును.

ఏర్పాట్లలో క్రమము పాటింపవలెను. చాలమంది పోవు టికెట్టు ముందు కొని, వచ్చు టికెట్టు తరువాత చూతమందురు. అది పొరపాటు. తిరుగు రైలు ముందు నిర్ణయించి, దాని నుండి వెనుకకు దినములను లెక్కపెట్టవలెను. 2024 నవంబరు 1 నుండి రైలు రిజర్వేషను ప్రయాణమునకు 60 దినముల ముందు ప్రారంభమగుచున్నది. ఫిబ్రవరి 20 నాటి రైలునకు డిసెంబరు 22నే చోటు కోరవచ్చును. 60 ఏండ్లు నిండిన పురుషులకు, 45 ఏండ్లు నిండిన స్త్రీలకు క్రింది బెర్తులలో కోటా కలదు; వయస్సు సరిగ వ్రాయవలెను. తెలంగాణలో స్త్రీలకు గల ఉచిత బస్సు ప్రయాణము ఆంధ్రప్రదేశ్ బస్సులలో చెల్లదు. టికెట్టు డబ్బు లెక్కలో చేర్చుకొనవలెను. ఏ ఊరిలో దిగినను ముందుగ అడుగవలసినది తరువాతి ఊరికి ఆఖరి బస్సు ఎన్ని గంటలకు అని. ఆఖరి బస్సును నమ్ముకొనక, దానికి ముందటి రెండవ బస్సును పట్టుకొనుట మేలు. ఈ చిన్న జాగ్రత్త తప్పినచో డెబ్బది యేండ్ల తల్లి తెలియని ఊరి బస్‌స్టాండులో రాత్రి గడపవలసి వచ్చును.

బయలుదేరుటకు మూడు దినములు ముందు నుండి రేడియోలో వాతావరణ సూచనలు విడువక వినవలెను. వాయుగుండమను మాట వినబడినచో ప్రయాణము మానవలెనని ఇంటిల్లిపాదియు ముందే నిశ్చయించుకొనవలెను. టికెట్టు సొమ్ములో కొంత పోవును. అంతకు మించి ఏమియు పోదు. రేపు తగ్గునేమోయను ఆశతో బయలుదేరుటయే ప్రమాదము.

భీమునిపట్నపు డచ్చి సమాధులలో 17వ శతాబ్దము నాటివి కలవు. గాలి అనుకూలించు కాలము చూచుకొని ఎంతో దూరము వచ్చి, తిరిగి ఇల్లు చేరని వారివి అవి. మనకు ఒక రాత్రి రైలు ప్రయాణము మాత్రమే. నెల చూచి, తిరుగు టికెట్టు చేత నుంచుకొని, ఊరివారు ఎక్కు బండినే ఎక్కుచు పోయినచో, ఇన్నాళ్లు వాయిదా పడిన సముద్రదర్శనము పెద్దలకు ఈ ఏడైనను లభించును.