అగ్నిపర్వతపు అంచున సైకిలు యాత్ర

సైకిలు మనకు క్రొత్త వస్తువు కాదు. బడికి పోవు బాలుడు, ఉత్తరములు పంచు తపాలా జవాను, తెల్లవారకముందే పాలబిందెలు తగిలించుకొని బయలుదేరు పాలవాడు, అందరును దానిని నమ్ముకొనినవారే. అట్టి వాహనముపై కొండలెక్కుట, అడవులు దాటుట ఒక వినోదముగా 1970వ దశకమున అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున వ్యాప్తి చెందినది. వెడల్పైన టైర్లు, గట్టి చట్రము, అనేకములైన గేర్లు గల కొండ సైకిలు ఆ ఉత్సాహమునుండి పుట్టినదే. ఆ సైకిలునకును, దానిని నడుపువానికిని పరీక్ష పెట్టు ఒక మార్గమును గూర్చి నేడు ముచ్చటింతము. అచ్చటి కష్టము కొండ ఎత్తువలన కంటె నేల స్వభావమువలననే హెచ్చుగా కలుగుచున్నదని మేము చెప్పదలచితిమి.

అమెరికా పశ్చిమ భాగమున, ఆరెగాన్ రాష్ట్రములోని బెండ్ పట్టణమునకు దక్షిణముగా న్యూబెర్రీ అను అగ్నిపర్వతము కలదు. 1855లో రైలుమార్గ పరిశీలక బృందముతో ఆ ప్రాంతమునకు వచ్చిన జాన్ స్ట్రాంగ్ న్యూబెర్రీ అను భూగర్భ శాస్త్రజ్ఞుని పేరు దానికి పెట్టిరి. ఇది సూదివలె నిలిచిన కొండ కాదు. నేలపై బోర్లించిన డాలువలె విశాలముగా పరచుకొనియున్నది. దాని వాలులపై 400కు పైగా చిన్న గుట్టలు కలవు. సుమారు 75,000 సంవత్సరముల క్రిందట మహావిస్ఫోటనము జరిగి, లోపలి శిలాద్రవము వెలికి పోగా, పైభాగము కూలి నడుమ పెద్ద గుంట ఏర్పడినది. శాస్త్రజ్ఞులు దీనిని కాల్డెరా అందురు. అందు నేడు పాలైనా సరస్సు, ఈస్ట్ సరస్సు అను రెండు జలాశయములు కలవు.

దాదాపు ఆ యుగముననే సుమత్రా ద్వీపమునందలి టోబా అగ్నిపర్వతము ప్రేలగా, ఎగసిన బూడిద సముద్రము దాటి వచ్చి మన నంద్యాల జిల్లాలోని జ్వాలాపురమున పొరగా నిలిచినది. అగ్నిపర్వతము ఎచ్చట ప్రేలినను దాని గురుతు మట్టిలో మిగిలిపోవునని దీనివలన తెలియుచున్నది. న్యూబెర్రీ కొండపై సైకిలు చక్రము ప్రతి క్షణమును తాకునది అట్టి మట్టినే.

యాత్ర మొదటి భాగము పాలైనా వాగు వెంబడి సుమారు 14 కిలోమీటర్ల ఎక్కుడు. 1826లో ఈ సరస్సులను చూచిన బొచ్చు వర్తకుడు పీటర్ స్కీన్ ఆగ్డెన్ పేరిట ఆ బాట వెలసినది. సైకిళ్లు దీనిపై పైకి పోవచ్చును గాని క్రిందికి దిగరాదు. అదే బాటపై కాలినడకవారును, గుఱ్ఱపు రౌతులును వచ్చుచుందురు. వేగముగా దిగు సైకిలు మలుపులో వారికి ఎదురుపడిన ప్రమాదము తప్పదు. కనుక దిగువారు వేరు మార్గము పట్టవలెను.

ఈ ఎక్కుడులో పైన్ వృక్షములు తోడుగా నుండును. మన కవులు సరళవృక్షమని చెప్పినది ఈ జాతికి చెందినదే. దిగువ వాలులపై పాండెరోసా పైన్లు కలవు. వాటి బెరడు మందముగా నుండుటచే నేలబారు మంటలను తట్టుకొనగలవు. ఎత్తునకు పోయిన కొలది లాడ్జ్‌పోల్ అను సన్నని పైన్లు హెచ్చగును. సారము లేని అగ్నిపర్వతపు మట్టిలోను, రాత్రివేళ కురియు గడ్డుమంచులోను ఈ మొక్కలు బ్రతుకగలవు. కావున చెట్టును చూచి నేలను ఊహింపవచ్చును. లాడ్జ్‌పోల్ గుంపులు కనబడినచో ముందున్నది వదులు నేల కావచ్చునని జాగ్రత్తపడుట మేలు.

సరస్సు చేరిన పిమ్మట అసలు పరీక్ష మొదలగును. కాల్డెరా అంచు వెంబడి చుట్టివచ్చు బాట పొడవు సుమారు 34 కిలోమీటర్లు. సరస్సు దాదాపు 1,930 మీటర్ల ఎత్తుననున్నది. అంచున పాలైనా శిఖరము 2,400 మీటర్లు దాటినది. అంత ఎత్తున గాలి పీడనము సముద్రతీరమునందుకంటె ఐదవ వంతునకు మించి తగ్గును. ఊపిరి త్వరగా ఆడును, కాళ్లు త్వరగా బరువెక్కును. దీనికి తోడు అంచున పలుచోట్ల నేల నురుగురాతి పొడితో నిండియుండును. శిలాద్రవములోని వాయువులు సోడాబుడ్డి మూత తీసినట్లు పొంగి, ఆ నురుగు గట్టిపడగా ఏర్పడిన తేలిక రాయియే నురుగురాయి. అది నీటిపై తేలును. దాని పొడి చక్రము క్రింద ఒదిగి ప్రక్కకు జారిపోవును.

గోదావరి ఇసుకతిన్నెలపై సైకిలు త్రొక్కినవారికి ఈ బాధ తెలియును. ముందు చక్రము దిగబడును, హ్యాండిలు తిరుగబడును, మనిషి దిగి నెట్టవలసివచ్చును. బలముకొద్ది త్రొక్కినచో వెనుక చక్రము గొయ్యి తీయునే గాని ముందుకు సాగదు. ఉపాయము వేరు. టైరులోని గాలిని కొంత తగ్గించినచో అది నేలపై వెడల్పుగా ఆనును. తేలిక గేరులో, ఒకే తీరుగా, ఆగక త్రొక్కవలెను. శరీరభారము కొంచెము వెనుకకు ఉంచి, హ్యాండిలును బిగబట్టక, చూపు చక్రముపై గాక పది గజముల ముందు నిలుపవలెను. దిగుడులో బ్రేకులు ఒక్కుమ్మడి నొక్కక, క్రమముగా నొక్కవలెను.

బలముకంటె ముందుచూపు ఇచ్చట ముఖ్యము. అంచు బాటపై నీరు దొరకదు. సరస్సులు కంటికి కనబడుచునే యుండును గాని అవి లోతున ఉన్నవి. సగము దూరము పోయిన పిమ్మట వెనుకకు మరలినను, ముందుకు సాగినను శ్రమ ఒక్కటే. కొన్నిచోట్ల సరస్సు వైపునకు దిగు బాటలు కలవు. వాటిని బయలుదేరకముందే పటములో గుర్తించుకొనవలెను. వేసవి ఆరంభమువరకు అచ్చట మంచు నిలిచియుండును. చల్లగాలికి ఉన్నిబట్ట, పంక్చరు వేయు సరంజామా, అదనపు ట్యూబు, తగినంత నీరు వెంట నుండవలెను. క్రిందినుండి ఎక్కి, చుట్టివచ్చి, తిరిగి దిగుటకు 60 కిలోమీటర్లు అగును. సాయంకాలమునకు ఇంత వెలుతురు మిగులునట్లు లెక్కవేసికొని బయలుదేరుట వివేకము.

ఈ కొండ చల్లారిపోయినదని తలపరాదు. సుమారు 1,300 సంవత్సరముల క్రిందట దక్షిణపు అంచు దాపున లావా పొంగి, నల్లని గాజురాయిగా గడ్డకట్టి, నేటికిని నిగనిగలాడుచున్నది. 1981లో కాల్డెరాలో 930 మీటర్ల లోతున తవ్విన బావి అడుగున 265 డిగ్రీల సెల్సియస్ వేడిమి కనబడినది. సరస్సుల ఒడ్డున వేడినీటి ఊటలు కలవు. ఈ ప్రాంతమును 1990లో జాతీయ అగ్నిపర్వత స్మారక ప్రదేశముగా ప్రకటించిరి. నురుగురాతి నేలపై మొక్క మొలచుటకు చాలకాలము పట్టును; బాట వదలి ఒక్క చక్రము పోయినను ఆ జాడ త్వరగా మాయదు. కనుక బాటలోనే సాగుట, నడచువారికి దారి ఇచ్చుట సైకిలువాని ధర్మము. ఆ వలయమును పూర్తిచేయుటయే గొప్పగాదు; తరువాత వచ్చువారికి ఆ నేల ఉన్నది ఉన్నట్లుగా దక్కునట్లు పూర్తిచేయుట గొప్ప.