పక్కవాద్యం నుండి ఏకవాద్యం వరకు: ద్వారం వెంకటస్వామినాయుడు వాయులీన ప్రస్థానం - పరిశీలన

వ్యాససంగ్రహం:
కర్ణాటక సంగీతంలో గాత్రానికి పక్కవాద్యంగా స్థిరపడిన వాయులీనాన్ని ఏకవాద్యంగా వేదికపై నిలిపిన తెలుగు విద్వాంసులలో ద్వారం వెంకటస్వామినాయుడు (1893-1964) అగ్రగణ్యులు. ఆయన జీవితాన్ని పక్కవాద్య స్థితి నుండి విముక్తి పొందిన కథగా చెప్పడం పరిపాటి. పక్కవాద్యం నేర్పే శ్రవణశిక్షణే ఏకవాద్యానికి పునాది అని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వాయులీనం, పక్కవాద్యం, ఏకవాద్యం, కమాను, విజయనగరం సంగీత కళాశాల.

1. ఉపోద్ఘాతం:
ఐరోపా నుండి వచ్చిన వాయులీనాన్ని కర్ణాటక సంగీతానికి అనువుగా మలచినవారిలో ముత్తుస్వామి దీక్షితుల సోదరులైన బాలుస్వామి దీక్షితులు ఆద్యులుగా ప్రసిద్ధులు. మెట్లు లేని ఈ వాద్యంపై వేలు జారుతూ గమకాన్ని పలికించగలదు. వీణపై మీటిన నాదం క్రమంగా క్షీణిస్తుంది. కమాను కదులుతున్నంతసేపూ వాయులీన నాదం నిలుస్తుంది. గాయకుని కంఠాన్ని అనుసరించడానికి ఈ గుణమే దానికి యోగ్యతనిచ్చింది. ఆ యోగ్యతే దానిని చాలాకాలం పక్కన కూర్చోబెట్టింది కూడా.

2. జీవితరేఖలు:
వెంకటస్వామినాయుడు 1893 నవంబరు 8న, దీపావళి నాడు, బెంగళూరులో జన్మించారు. పెరిగింది విశాఖపట్నంలో. దృష్టిలోపం వల్ల బడిచదువు సాగలేదు. అన్నగారైన వెంకటకృష్ణయ్య వద్ద వాయులీనాభ్యాసం ప్రారంభమైంది. 1919లో విజయనగరంలో మహారాజావారి సంగీత కళాశాల ఏర్పడి, ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులయ్యారు. అక్కడ విద్యార్థిగా చేరదలచి వెళ్లిన నాయుడుగారి వాదనాన్ని విని, ఆయనను ఆచార్యునిగానే నియమించారన్నది ప్రసిద్ధవృత్తాంతం. 1936లో దాసుగారి అనంతరం ఆయనే అధ్యక్షులయ్యారు.

1938లో వెల్లూరులో ఆయన తొలి ఏకవాద్య కచేరి జరిగింది. 1941లో మద్రాసు సంగీత అకాడమీ సంగీతకళానిధి గౌరవం, 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ ఆయనను వరించాయి. 1964 నవంబరు 25న పరమపదించారు.

3. పక్కవాద్యం - శ్రవణశిక్షణ:
కచేరిలో పక్కవాద్యకారుని బాధ్యత మూడు విధాలుగా ఉంటుంది. రాగాలాపనలో గాయకుని నీడలా అనుసరించి, తన వంతు వచ్చినప్పుడు అదే రాగాన్ని స్వతంత్రంగా విస్తరించాలి. కృతిలో గాత్రంతో కలిసి నడవాలి. స్వరకల్పనలో అప్పటికప్పుడు బదులివ్వాలి. ఈ మూడింటికీ ముందుగా కావలసినది వినడం. గాయకుడు ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో, ఏ అక్షరంపై నిలుస్తాడో పక్కవాద్యకారుడు అనుక్షణం గమనిస్తూ ఉండాలి.

ఏకవాద్యంలో గాత్రం ఉండదు, సాహిత్యం వినబడదు. అయినా శ్రోత కృతిని కృతిగానే గుర్తించాలి. ఇక్కడ కమాను దిశ మార్చే చోటు కీలకమవుతుంది. పదం మధ్యలో కమాను తిప్పితే పదం విరిగినట్లే. పదచ్ఛేదాన్ని అనుసరించి తిప్పితే మాట లేకపోయినా సాహిత్యం స్ఫురిస్తుంది. సుదీర్ఘమైన కమాను, మృదువైన నాదం నాయుడుగారి బాణీకి గుర్తులు. గాత్రాన్ని వినివిని సంపాదించిన పదజ్ఞానం లేనిదే అటువంటి కమాను అర్థవంతం కాదు.

4. తులనాత్మక దృష్టి:
పక్కన ఉండడం తక్కువ స్థాయి అన్న భావనను పరీక్షించడానికి పాశ్చాత్య సంగీతంలోని ఒక జీవితం ఉపకరిస్తుంది. రెండు వాయులీనాలు, ఒక వియోలా, ఒక చెల్లో కలిసిన తంత్రీచతుష్టయంలో చెల్లో ప్రధానంగా మంద్రాధారం. రష్యన్ చెల్లో విద్వాంసుడు వాలెంటిన్ బెర్లిన్‌స్కీ (1925-2008) 1945లో మాస్కోలో రూపొందిన చతుష్టయంలో చేరాడు. 1955లో దానికి బొరొదిన్ పేరు వచ్చింది. తోటివాద్యకారులు మారుతూ వచ్చినా ఆయన 2007 వరకు, అనగా 62 సంవత్సరాలు, అదే స్థానంలో కొనసాగాడు. ఆయన కీర్తికి ఏకవాద్యం అవసరం కాలేదు. కాబట్టి సహవాద్యం ఏకవాద్యానికి మెట్టు మాత్రమే కాదు, స్వయంసంపూర్ణమైన కళ. నాయుడుగారు ఆ కళను ఏకవాద్యంలోకి తీసుకువెళ్లారనడమే సముచితం.

5. సంస్థ - శ్రోత:
నాయుడుగారి ప్రస్థానంలో కళాశాల పాత్ర గణనీయం. ఆచార్యపదవి జీవనాధారాన్ని కచేరి అవకాశాలకు అతీతంగా నిలిపింది. దానివల్ల నిత్యసాధనకు, బోధనకు వెసులుబాటు కలిగిందని భావించవచ్చు. 1952లో మద్రాసులో న్యాయమూర్తి పి.వి. రాజమన్నారు గృహంలో విశ్వవిఖ్యాత వాయులీన విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ ఆయన వాదనాన్ని ఆలకించాడు. ఐరోపా వాద్యం భారతీయమై, ఆ వాద్య సంప్రదాయానికే చెందిన విద్వాంసునికి వినిపించిన సందర్భమిది.

6. ముగింపు:
నాయుడుగారి సాధనను కేవలం పదోన్నతిగా చూస్తే పక్కవాద్యకారుల కృషి మరుగున పడుతుంది. సంగీతచరిత్ర రచనలో గాయకుల పేర్లు నిలిచినంతగా పక్కన కూర్చున్నవారి పేర్లు నిలవలేదు. నాయుడుగారి బాణీని ఆయన ఏకవాద్య ధ్వనిముద్రణల ఆధారంగానే కాక, పక్కవాద్య సంప్రదాయపు వెలుగులో కూడా పరిశీలించవలసి ఉంది. అప్పుడే తెలుగునాట వాయులీన చరిత్ర సమగ్రమవుతుంది.