చెరపట్టబడిన యుత్తరముల పెట్టె

ఒకనాటి యుదయమున కంప్యూటరు తెరచి చూడగా మన ఈమెయిలు ఇన్‌బాక్సు శూన్యముగా నున్నదనుకొందము. దూరదేశమున నున్న తండ్రి వ్రాసిన యుత్తరములును, కళాశాల పంపిన ప్రవేశపత్రములును నిన్నటివరకు నందుండెను. అవి నశించెనని దుఃఖింపకముందే జరిగినదేమో విచారింపవలయును. యాంటీవైరస్ వానిని చెరపట్టి యుండవచ్చును.

థండర్‌బర్డ్ అను ఈమెయిలు సాధనము సాధారణముగా ఇన్‌బాక్సులోని జాబులన్నిటిని ఒకదానివెంట నొకటి చేర్చి యొక్క ఫైలుగా దాచును. వేయి జాబులలో నొక్కదానియందు వైరస్ ఉన్నను, యాంటీవైరస్ ఆ ఫైలునంతటిని దోషిగా నెంచి క్వారంటైనులో నుంచవచ్చును. క్వారంటైన్ అను మాటకు మూలము ఇటలీ దేశపు భాషలో నలువది దినములని యర్థమిచ్చు పదము. పూర్వము వెనిస్ రేవున తెగులు భయముచే ఓడలను వేరుగా నిలిపెడివారు. నిలుపుటయేగాని ముంచుట కాదు. ఇచ్చటను అట్లే.

కావున మొదట థండర్‌బర్డును మూసివేసి, యాంటీవైరస్‌లోని క్వారంటైను జాబితాను చూడవలయును. అందు తొలగించు మీటను నొక్కరాదు. నొక్కినచో జాబులన్నియు పోవును. ఈలోపల క్రొత్త ఇన్‌బాక్సు ఫైలొకటి యేర్పడి, దానిలో నేటి జాబులు చేరియుండవచ్చును. దానికి వేరు పేరిడి భద్రపరుపవలయును. పిమ్మట ఆ ఫైలును తాత్కాలికముగా తనిఖీనుండి మినహాయించి, చెరనున్న ఫైలును స్వస్థానమునకు రప్పింపవలయును. మినహాయింపనిచో మరల చెర తప్పదు.

ఇప్పుడు థండర్‌బర్డును తెరచి, దోషముగల జాబును, దాని అనుబంధమును విప్పకయే, తొలగింపవలయును. చెత్తబుట్టను ఖాళీ చేయవలయును. ఇంతతో పని ముగియలేదు. తొలగించిన జాబు కంటికి కానరాకున్నను ఫైలులో నిలిచియే యుండును. కంపాక్ట్ అను క్రియ జరిపినపుడే అది నిజముగా పోవును. తుదకు మినహాయింపును రద్దుచేయవలయును. వచ్చు జాబులను విడివిడిగా క్వారంటైను చేయనిచ్చు ఏర్పాటు సెట్టింగులలో కలదు. దానిని ఎంచుకొనుట మేలు.

ఐమ్యాప్ పద్ధతిలో జాబులు సర్వరునందును ఉండును. పాప్ పద్ధతిలో మన కంప్యూటరులోని ప్రతియే యేకైక ప్రతి కావచ్చును గనుక వేరొకచోట నకలుంచుకొనవలయును.

గోధుమలలో గురుగులను చూచి పెరుకబోయిన దాసులను యజమానుడు వారించిన యుపమానము మన మెరిగినదే. గురుగును వదలవలెనని కాదు. దానితో గోధుమలు పోరాదని. విద్యార్థులారా, మీట నొక్కుటకు ముందొక నిమిషము నిలువుడు.