మాల తీసిన మర్నాడు

కార్తీకం వచ్చిందంటే బెంగళూరులోని మన తెలుగు ఇళ్లలోనూ అయ్యప్ప దీక్ష నల్లబట్టలు, తులసిమాలలు కనిపిస్తాయి. ఏడాది పొడుగునా తాగిన మనిషి 41 రోజులు చుక్క ముట్టడు. అలాంటివాళ్లలో కొందరు మాల తీసిన వారానికే మళ్లీ మొదలుపెడతారు. భక్తి చాలకే ఇలా జరుగుతుందని నేననుకోను. దీక్షలో ఉన్నన్నాళ్లూ గురుస్వామి ఉన్నాడు, పక్కన పదిమంది స్వాములున్నారు, తెల్లవారుజాము స్నానం మొదలు రాత్రి భజన దాకా రోజంతటికీ ఒక క్రమం ఉంది. మాలతోపాటు అదంతా ఒక్కపూటలో పోతుంది.

1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ అనే ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు తోడై మొదలుపెట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ ఈ తోడునే గడువు లేకుండా ఇస్తుంది. రుసుము లేదు, ఇంటిపేరు అడగరు. దేవుణ్ణి ఎవరికి తోచినట్టు వారు తలుచుకోవచ్చు. ఆ సమావేశాలు మన నగరంలోనూ జరుగుతాయి.

ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. రోజూ బాగా తాగేవాళ్లు మాల కోసం ఉన్నట్టుండి ఆపేస్తే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర రాదు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు లేనివి కనిపించి, మాట తడబడి, మనిషి స్పృహలో ఉండకపోవచ్చు. అది దేవుడి ఆగ్రహమూ కాదు, గాలి సోకడమూ కాదు. ప్రాణం మీదికి తెచ్చే స్థితి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అసలు మాల వేసుకునేముందే డాక్టరుకు చూపించుకోవడం మంచిది. హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్‌లో వ్యసనాల చికిత్సకు ప్రత్యేక విభాగమే ఉంది.

ఇక దుఃఖం. తాగుడు మానేశాక ఇంట్లోవాళ్లు తేలికపడతారు. మానేసినవాడికి మాత్రం అప్పుడే బరువు మొదలవుతుంది. నాన్న పోయిననాడు మత్తులో ఉన్నవాడికి ఆ చావు ఏళ్ల తర్వాత, మత్తు లేని మొదటి నెలల్లో, కొత్తగా తగులుతుంది. పిల్లల చిన్నతనం తను చూడకుండానే గడిచిపోయిందని అప్పుడే తెలుస్తుంది. పాత స్నేహితులు దూరమవుతారు. ఇన్నేళ్లూ ప్రతి బాధకూ తోడున్న సీసా కూడా లేదు. దాన్ని పోగొట్టుకున్న దిగులు సైతం నిజమైన దిగులే. ‘మానేశావుగా, ఇంకా ఏమిటా ముఖం?’ అని దయచేసి ఎవరూ అనకండి.

అన్నింటికంటే కష్టం పెద్దకర్మ రోజు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెడతాం. కొన్ని ఇళ్లలో అందులో మందూ ఉంటుంది, ఆ తర్వాత బంధువులు కూర్చుని తాగడమూ ఉంటుంది. కొడుకు మానేసినవాడైతే ఆ గ్లాసు మరొకరి చేత పెట్టించవచ్చు. లేదా ఆ గ్లాసే పెట్టకుండా ఉండవచ్చు, పెద్దవాళ్లు ముందే కూర్చుని ఆ మాట తేల్చాలి. అతని పక్కన రాత్రిదాకా ఒకరుండాలి. ఏటా తద్దినానికీ అంతే.

ఆప్తులు పోయి ఆరు నెలలు దాటినా దుఃఖం సడలక, రోజువారీ పనులు కూడా సాగకపోతే దానికి చికిత్స ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని వ్యాధుల పట్టికలో చేర్చింది. 2022 అక్టోబరులో మొదలైన మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్‌కు, 14416 నంబరుకు, ఏవేళైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. డబ్బు కట్టనక్కర్లేదు.

మన తెలుగు సంఘాన్ని ఒకటి అడగాలని ఉంది. భజనలకు హాలు ఇస్తున్నాం. వారానికొక సాయంత్రం తాగుడు మానేసినవాళ్లకు, వాళ్ల ఇంటివాళ్లకు ఒక గది ఇద్దాం. పేర్లు రాయించుకోవద్దు, ఉపన్యాసాలు వద్దు. చనిపోయినవాళ్ల గురించి తెలుగులో చెప్పుకుని ఏడవడానికి ఒక తలుపు, నాలుగు కుర్చీలు ఉంటే చాలు.